చివరి వరుస దాటినను ఆగని ప్రోగ్రాము

జావాస్క్రిప్టును బ్రౌజరు వెలుపల నడుపుటకై 2009లో రయన్ డాల్ వెలువరించిన సాధనము నోడ్. దానిని నేర్చుకొనువారికి మొదట చూపు నమూనా సర్వరు పది పన్నెండు వరుసలకు మించదు. వచ్చిన ప్రతి అభ్యర్థనకు ఒక పలకరింపు బదులిచ్చు ఫంక్షను, 3000వ పోర్టు వద్ద వినుమను 'లిజన్' ఆజ్ఞ, అంతే. వరుసలు ముగిసినవి గాని ప్రోగ్రాము ముగియదు! రెండు సంఖ్యలను కూడి చూపు ప్రోగ్రాము చివరి వరుసతో ఆగుటను చూచిన విద్యార్థికి ఇది వింతగా తోచును. నమూనా ఈ ప్రశ్నను పుట్టించి ఊరకుండును. ఇదియే దాని లోపము.

"లిజన్ వద్ద ప్రోగ్రాము నిలిచిపోవును" అని కొందరు చెప్పుదురు. ఇది తప్పు. ఆ వరుస క్రింద ఏదైన ఒక మాటను చూపు ఆజ్ఞ నుంచినచో, ఆ మాట వెంటనే తెరపై కనబడును. "లోపల అంతులేని చక్రము తిరుగుచుండును" అనుట సగము నిజము. చక్రమున్నది, కాని అది అంతులేనిది కాదు, ఊరక తిరుగునదియు కాదు. నోడ్‌లోని లిబ్‌యూవీ అను భాగము ఇంకను ముగియని పనులను గమనించుచుండును: వినుచున్న సాకెట్టు, గడువు తీరని టైమరు మొదలగునవి. అట్టిది ఒక్కటి మిగిలినను ప్రోగ్రాము బ్రదికియుండును. అభ్యర్థనలు రానప్పుడు, లేపు బాధ్యతను ఆపరేటింగ్ సిస్టమునకు అప్పగించి అది నిద్రించును. ప్రాసెసరునకు శ్రమ దాదాపు ఉండదు. లినక్స్‌లో ఈ కాపలా పని 'ఈపోల్' చేయును. సర్వరుపై 'అన్‌రెఫ్' అను ఆజ్ఞ నిచ్చినచో ఆ సాకెట్టు లెక్కకు రాదు. సర్వరును మూయకున్నను ప్రోగ్రాము ముగియును.

పైథాన్ నమూనా ఈ విషయమున మేలు. అందలి ఆజ్ఞ పేరే 'సర్వ్ ఫరెవర్', అనగా ఎల్లకాలము సేవ చేయుము. అచ్చట ప్రోగ్రాము నిజముగనే ఆ వరుస వద్ద నిలుచును. పేరు కొంత ఆడంబరమైనను దాపరికము లేదు.

నోడ్ నమూనా దాచిన సంగతి తెలియనందున నష్టము కలదు. బదులిచ్చు ఫంక్షనులో పది సెకనులు పట్టు గణితము నుంచినచో, ఆ వేళ వచ్చిన ఇతరులందరును వేచియుండవలసినదే. ఏలన, చక్రమును నడుపునదియు, గణితము చేయునదియు ఒకే దారము. సర్వరు వేరుగా ఎచ్చటనో వినుచున్నదని నమ్మిన విద్యార్థి ఈ జాప్యమునకు కారణము ఎంత వెదకినను కనుగొనలేడు.

నమూనాకు రెండు వరుసలు చేర్చిన చాలును. ఒకటి, చివర ఒక మాటను చూపునది. రెండవది, పది సెకనుల పిమ్మట సర్వరును 'క్లోజ్' చేయు టైమరు. మాట మొదటనే కనబడును. ఎవరును సర్వరును పలుకరింపకున్నచో, పది సెకనులు గడవగనే ప్రోగ్రాము తనంత తానే ముగియును.