అంగడి అంటే ఏది? వీరాస్వామయ్య కృష్ణ దాటినప్పుడు

ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ గురించి ఎవరు మాట్లాడినా రెండు మాటలు తప్పకుండా వస్తాయి. తెలుగులో తొలి యాత్రాచరిత్రల్లో ఒకటి అని, పందొమ్మిదో శతాబ్దపు సామాజిక చరిత్రకి గని అని. రెండూ నిజమే. కానీ ఆ మాటలు విన్నాక పుస్తకం తెరవబుద్ధి కాదు. గని తవ్వుకునేవాళ్ళకి కావాలి, చదువుకునేవాళ్ళకి ఎందుకు? నా సలహా ఏంటంటే, కాశీని కాసేపు పక్కనపెట్టి, కృష్ణ దాటిన దగ్గర్నుంచి నిర్మల్ దాటేదాకా ఉన్న పేజీలు మాత్రం చదవండి. తన భాషే మాట్లాడే పరాయి రాజ్యంలో తిరిగిన మనిషి కనిపిస్తాడు. ఆయన మీద గౌరవం పెరుగుతుంది, కొంచెం చిరాకూ పెరుగుతుంది.

పరాయి రాజ్యం అని ఊరికే అనడం లేదు. వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్. ఒక భాషలో చెప్పింది ఇంకో భాషలోకి మార్చడం ఆయన ఉద్యోగం. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకుని కృష్ణ దాటి, పాలమూరు వైపు నుంచి హైదరాబాదు చేరాడు. అటువైపు నాణెం వేరు, సుంకాలు వేరు, న్యాయం వేరు, ఏలే దొర వేరు. ఊళ్ళో ఎదురొచ్చే మనిషి నోట్లో మాత్రం తెలుగే. తమాషా ఏంటంటే, ఈ గీత అప్పటికి అంత పాతది కూడా కాదు. 1800లో నిజాం కడప, బళ్ళారి ప్రాంతాలు కుంఫిణీకి రాసిచ్చేదాకా ఆయన దాటొచ్చిన కడప కూడా నిజాందే. ముప్పై ఏళ్ళు చాలు, పక్కింటివాడు పరాయివాడు కావడానికి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకొకావిడ కూడా ఇదే పని చేస్తోంది. ఫ్రాన్సెస్ ట్రాలప్ అనే ఇంగ్లీషామె 1827 చివర్లో అమెరికాలో దిగి, సిన్సినాటిలో బజారు పేరుతో ఓ వ్యాపారం పెట్టి చేతులు కాల్చుకుని, 1831లో ఇంటికి తిరిగొచ్చింది. వీరాస్వామయ్య మద్రాసు తిరిగొచ్చింది 1831 సెప్టెంబరు 3న. ఆమె పుస్తకం మరుసటేడే అచ్చయింది, సంచలనమైంది. ఈయన రాసింది స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ చేతికి చేరి, ఈయన పోయాక 1838లో వెలుగు చూసింది. ఒకరి పేరు ఒకరికి తెలిసే అవకాశమే లేదు. పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిన పుస్తకాలు మాత్రం ఇవే.

ట్రాలప్‌కి అమెరికాలో నచ్చనివి: పొగాకు నమిలి ఉమ్మడం, మాటా పలుకూ లేకుండా గబగబా తిని లేచిపోవడం, వీధుల్లో పందులు. వీటన్నిటికంటే లోపల గుచ్చుకున్నది ఒక మాట. ఇంట్లో పనిచేసే అమెరికన్ అమ్మాయిని ‘సర్వెంట్’ అనకూడదు, ‘హెల్ప్’ అనాలి. ట్రాలప్‌కి ఇది మర్యాద తెలియకపోవడం. ఆ అమ్మాయికి అదే మర్యాద. ఫ్రాన్సులో అయితే ట్రాలప్ ఆ మాట అర్థం అడిగి తెలుసుకునేది. ఇక్కడ తన భాషే కాబట్టి అడగాలనే తోచలేదు. వాళ్ళు తప్పు మాట్లాడుతున్నారనుకుంది. చూసినవాటిలో ఆమె అబద్ధం రాసింది తక్కువే, తర్వాత మార్క్ ట్వేన్ కూడా ఆమెనే వెనకేసుకొచ్చాడు. చూపు బాగానే పనిచేసింది, తేడా వచ్చింది చెవిలో.

ఇప్పుడు వీరాస్వామయ్య. ఆయన పుస్తకం నిండా అంగళ్ళే. ఏ మజిలీ చేరినా ఎన్ని ఆమడలు నడిచారు, నీళ్ళున్నాయా, దిగడానికి చోటుందా, అంగళ్ళున్నాయా, ఏం దొరుకుతాయి అన్నదే వరస. మద్రాసు మనిషికి అంగడి అంటే దుకాణం. మా కేసముద్రంలో అంగడి అంటే వారానికొకసారి కూడేది, కోస్తావాళ్ళు సంత అనేది. రోజూ తెరిచుండేది దుక్నం. కాబట్టి ఆయన ఒక తెలంగాణ ఊళ్ళో దిగి అంగడి ఉందా అని అడిగితే, బేస్తవారం ఉంటది అని జవాబొచ్చే వీలుంది. ఆయన పుస్తకంలో ఈ సంభాషణ లేదు, నేను ఊహిస్తున్నాను. కానీ ఫలానా ఊళ్ళో అంగళ్ళు లేవు అని రాసిన చోటల్లా నాకు ఈ అనుమానం వదలదు. కోర్టులో భాషలు మార్చే మనిషికి ఇక్కడ ఇంటర్‌ప్రిటర్ అక్కర్లేదు. అదే ఇబ్బంది.

అయినా ట్రాలప్‌తో పోలిస్తే ఆయన నాకు ఎక్కువ నచ్చుతాడు. కారణం ఆయన మంచితనం కాదు, రాసే పద్ధతి. ఆయన పాఠకుడు రేపు అదే దారిన పోబోయేవాడు. వాడికి ఈ ఊరి జనం ఎలాంటివాళ్ళో కాదు, ఈ ఊళ్ళో బియ్యం దొరుకుతాయో లేదో కావాలి. అందుకే తేడా కనిపించిన ప్రతిచోటా ఆయన ముందు కొలుస్తాడు, లెక్కపెడతాడు, ధర అడుగుతాడు. తీర్పు చెప్పడానికి తీరిక ఉండదు. ఈ పేజీలు విసుగ్గా ఉంటాయని చాలామంది అంటారు. నాకు పుస్తకంలో అన్నిటికంటే నిజాయితీ ఉన్న పేజీలు ఇవే.

హైదరాబాదు వచ్చేసరికి గొంతు మారుతుంది. ఆయుధాలు కట్టుకుని తిరిగే మనుషులు, దారి పొడుగునా సుంకాల బాధ, ఎప్పుడేమవుతుందో అన్న భయం. భయం నిజమైనదే. అందులోంచి కుంఫిణీ ఏలుబడి మేలన్న పోలిక వచ్చి కూర్చుంటుంది. ఉద్యోగం ఇచ్చినవాళ్ళ కళ్ళజోడు అది. సుమారు వందమంది పరివారంతో పల్లకీలో పోతున్న మనిషికి ఊరు ఎంత ఎత్తునుంచి కనిపిస్తుందో కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ పల్లకీ మోసిన బోయీలు పాలమూరు పల్లెల్లో ఎవరితో ఏం మాట్లాడుకున్నారో పుస్తకంలో లేదు. నాకు కావాల్సింది అదే.

ఇదంతా రెండొందల ఏళ్ళ కిందటి ముచ్చట అనుకుంటే పొరపాటు. 1889 నాటికి నిజాం రైలు వరంగల్, డోర్నకల్ మీదుగా బెజవాడ దాకా పోయింది. అప్పుడు కేసముద్రం లాంటి చిన్న స్టేషన్‌లో రైలెక్కినవాడు బెజవాడలో దిగేసరికి నిజాం రాజ్యం దాటి ఇంగ్లీషు రాజ్యంలో ఉంటాడు. జేబులో హాలీ రూపాయలు పనికిరావు, కల్దార్లు కావాలి. దారిలో కరోడ్‌గిరీ వాళ్ళు మూట విప్పించి చూస్తారు. భాషకి మాత్రం సుంకం లేదు. అందుకే కాబోలు, అవతలివాడి భాషని ఊరికే తూకం వేసేయడం అలవాటైంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకి సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేసి 354 మంది కవుల్ని చూపించాల్సి వచ్చింది. ఆ సంచికని సాహిత్య చరిత్రలో పౌరుషానికి గుర్తుగా చెప్పుకుంటాం. ఒకే భాషవాళ్ళ మధ్య ఒకడు ఇంకొకడికి తానున్నానని లెక్క అప్పజెప్పాల్సి రావడం నాకైతే పౌరుషం కంటే ముందు అలసట అనిపిస్తుంది.

ఇప్పుడు రాజ్యాలు లేవు, కల్దార్లు లేవు. కేసముద్రం మార్కెట్ యార్డుకి మక్కలు, పసుపు వస్తాయి. సిటీ నుంచి కెమెరా పట్టుకుని వచ్చే పిల్లలు కూడా వస్తారు. మక్కలంటే మొక్కజొన్నే కదా అని అడిగి, ఉల్లిగడ్డ అంటే నవ్వి, మీ తెలుగు భలే ఉందే అంటారు. మెచ్చుకోలే, కాదనను. కానీ ఆ ‘మీ’ దగ్గర ఆగి చూస్తే ట్రాలప్ కనిపిస్తుంది. యార్డులో మక్కలు క్వింటాలు ఎంత పలికాయని అడిగినవాళ్ళని నేను తక్కువ చూశాను. వీరాస్వామయ్య అయితే ముందు అదే అడిగేవాడు. ఆయన మా వైపు రాలేదు. హైదరాబాదు నుంచి నిర్మల్ మీదుగా నాగపూర్ పోయాడు, తిరుగుదారిలో కోస్తా పట్టుకున్నాడు.

దిగవల్లి వేంకట శివరావు 1941లో ఈ పుస్తకాన్ని మళ్ళీ పైకి తెచ్చి పెద్ద ఉపకారం చేశారు. ఇప్పుడు ఎవరైనా కొత్తగా వేయదలిస్తే నాదొక కోరిక. కృష్ణ నుంచి నిర్మల్ దాకా ఉన్న భాగానికి కింద నోట్స్ ఆ దారిలో ఉన్న ఊళ్ళవాళ్ళ చేతే రాయించండి. ‘అంగడి’ దగ్గర మొదలుపెట్టొచ్చు.