పట్టాలు ఫ్రేములోనే ఉండాలి

గిద్దలూరు దాటాక దిగువమెట్ట దగ్గర రైలు నల్లమలలోకి దూరుతుంది. అక్కడికి కెమెరాలతో వెళ్లేవాళ్లం పట్టాలు, కరెంటు తీగలు పడకుండా కోణం వెతుకుతాం. మనిషి జాడ లేనిదే అడవి అందమని ఎవరు చెప్పారో గానీ, నేను మాత్రం పట్టాలను కావాలనే ఉంచుతాను.

ఈ గుంటూరు–గుంతకల్లు లైను 19వ శతాబ్దం చివర్లో పడింది. అంతకుముందు ఎరుకలవాళ్లు కోస్తా ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద మెట్ట ఊళ్లకు తోలుకొచ్చి ధాన్యానికి మార్చుకునేవాళ్లు. ఆ ఉప్పును రైళ్లు మోయసాగాయి. ఉప్పు మీద సర్కారు పెత్తనం ఉండనే ఉంది. బేరం పోయి తిరుగుతున్నవాళ్లకు తెల్లదొరలు దొంగలని పేరు పెట్టారు. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. వేలిముద్రలు వేయాలి, హాజరు పలకాలి, చీటీ లేనిదే పొలిమేర దాటకూడదు. కావలిలో, స్టువర్టుపురంలో సెటిల్‌మెంట్లు పెట్టి పసిపిల్లలతో సహా కుటుంబాలను అందులో ఉంచారు. ఆ పసివాళ్లు ఎవరి సొమ్ము దోచారు? మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో గానీ ఆ చట్టం పోలేదు.

అమెరికాలోనూ 1942లో దాదాపు 1,20,000 మంది జపాను సంతతివాళ్లను, కేవలం ఆ జాతివాళ్లని, శిబిరాల్లో బంధించారు. కాలిఫోర్నియాలోని మాంజనార్ శిబిరానికి వెళ్లిన ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1944లో అక్కడినుంచే విలియమ్సన్ పర్వతాన్ని తీశాడు. ముందు బండరాళ్లు, వెనక మబ్బుల్లోంచి దిగే వెలుగు. అంత గొప్ప బొమ్మ ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. కానీ అందులో కంచె లేదు. అదే శిబిరంలో బందీగా ఉన్న తోయో మియాతాకే, ఖైదీలకు కెమెరా నిషేధమైనా, దొంగచాటుగా ఒక లెన్సు తెచ్చుకుని చెక్కపెట్టెతో కెమెరా చేసుకున్నాడు. ముళ్లకంచె దగ్గర నిలబడ్డ ముగ్గురు పిల్లల్ని తీశాడు. ఆ కొండ కన్నా ఈ పిల్లలే నాకు ఎక్కువ నేర్పారు. లోపల ఉన్నవాడు తీస్తేనే కంచె కనబడింది.

మన జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయాలని, నేరస్థ తెగల ముద్ర నుంచి బయటపడ్డ విముక్త జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా చూసే నిబంధనలు చెల్లవని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పాల్సి వచ్చింది. చట్టం పోయిన 72 ఏళ్లకు కూడా! అందుకే మార్కాపురంలో, గిద్దలూరులో ఎరుకల పిల్లల చేతికి కెమెరాలు రావాలి. ఈ నల్లమలను వాళ్లు ఎక్కడ నిలబడి తీస్తారో, దేన్ని వదలకుండా తీస్తారో నేను చూడాలి.