పిప్పరమెంటు జ్ఞాపకం: వస్తువు, దృష్టి

ఇటీవల తెలుగులో బాల్యస్మృతుల రచన విరివిగా వస్తున్నది. అందులో ఒక శాఖ మిఠాయిలది. నిమ్మతొనలు, జీళ్ళు, పీచుమిఠాయి, కర్రకు చుట్టిన ముద్దలోంచి సాగదీసి చేతికి వాచీలా చుట్టే బొంబాయి మిఠాయి, సిగరెట్టులా పెదవుల మధ్య పెట్టుకునే చక్కెరపుల్ల, హోలీకి మెడలో వేసుకునే చక్కెర పేర్లు - వీటిని వరుసగా పేర్కొని, ఆ రోజులే వేరని నిట్టూర్చి ముగించడం ఈ రచనల సామాన్యలక్షణం. నేను నివసిస్తున్న బాచుపల్లిలో వీటికి పాఠకులున్నారు, రచయితలున్నారు, ఆ పాత మిఠాయిలనే డబ్బాలో సర్ది జ్ఞాపకాల పేరిట అమ్మే దుకాణమూ ఉన్నది. కనుక దీన్ని సాహిత్య సమస్యగా పరిశీలించవలసి ఉన్నది.

ఇటువంటి రచనలను పలాయనవాదమని ఒక్క మాటతో కొట్టివేసే అలవాటు మనలో కొందరికి ఉన్నది. నేను వారితో ఏకీభవించను. పది పైసల బిళ్ళ నాలుక మీద కరుగుతున్నప్పుడు పేదయింటి పిల్లవాడు పొందిన ఆనందం నిజమైన ఆనందమే. దాన్ని స్మరించే హక్కు అతనికి ఉన్నది. అయితే ఆ బిళ్ళ ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు కొనగలిగారు, ఎవరు చూస్తూ నిలబడ్డారు అనే సంగతులు ఆ జ్ఞాపకంలో మిగిలి ఉన్నాయా లేదా అని అడిగే హక్కు విమర్శకుడికీ ఉన్నది.

ఒక్క ఉదాహరణ తీసుకుందాం. మిఠాయి మీద రాసిన ప్రతివారూ కాకెంగిలిని తలుచుకుంటారు. బిళ్ళను చొక్కా అంచులో చుట్టి, గుడ్డ మీదుగా కొరికి, స్నేహితుడికి సగం ఇవ్వడం. దీన్ని స్వచ్ఛమైన స్నేహానికి చిహ్నంగా వర్ణిస్తారు. నిజమే. కాని గుడ్డ ఎందుకు అడ్డం వచ్చింది? ఎంగిలి అనే కట్టుబాటు ఉన్నది కనుక. పెద్దలు పెట్టిన ఆ కట్టుబాటును ధిక్కరించలేక, పంచుకోకుండా ఉండలేక, పిల్లలు కనిపెట్టిన ఉపాయం అది. అదే ఊళ్ళో, అదే అంగడి ముందు, దళితవాడ పిల్లవాడు దోసిలి పడితే పైనుంచి బిళ్ళ జారవిడిచిన వర్తకులున్నారు. ఆ పిల్లవాడి అంటు పోగొట్టే గుడ్డ ఏ చొక్కాకూ లేదు. కాకెంగిలిని రాసి ఆ దోసిలిని రాయకపోతే ఆ జ్ఞాపకం సగమే రాసినట్టు.

ఇక తీపి ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. సిడ్నీ మింట్జ్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1985లో ప్రచురించిన గ్రంథంలో చక్కెర చరిత్రను పరిశోధించి, కరీబియన్ తోటల్లో బానిసల శ్రమతో పండిన చెరకుకూ, ఇంగ్లండులో కార్మికుడి తేనీటి కప్పుకూ ఉన్న సంబంధాన్ని చూపించాడు. మన చక్కెరకూ అటువంటి చరిత్ర ఉన్నది. నిజాంసాగర్ నీటితో పండిన చెరకును ఆధారం చేసుకొని 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. దాని చుట్టూ పెరిగిన నివాసానికి శక్కర్‌నగర్ అని పేరే పడింది. ప్రభుత్వరంగంలో నడిచిన ఆ సంస్థను 2002లో ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించారు. 2015 డిసెంబరులో అది మూతబడింది. నిజామాబాదు జిల్లానుంచి వచ్చి ఈ నగరంలో స్థిరపడినవారు పిప్పరమెంట్లను తలుచుకొని రాసేటప్పుడు, పని పోయిన శక్కర్‌నగర్ కార్మికుడు వారి వాక్యాల్లో కనిపించడు.

మిఠాయి బిళ్ళల సంగతీ అంతే. 1952లో చిత్తూరులో పుట్టిన న్యూట్రిన్‌ను 2006లో గోద్రెజ్ సంస్థ కొన్నది. తరువాత అది అమెరికాకు చెందిన హెర్షీ చేతికి పోయింది. మద్రాసు పారీ మిఠాయిలు 2004లో కొరియా దేశపు లాటే సంస్థ వశమైనాయి. అన్నింటికంటే గమనించదగ్గది మహారాష్ట్రలోని రావల్‌గావ్ ఉదంతం. 2024లో రిలయన్స్ సంస్థ 27 కోట్ల రూపాయలకు కొన్నవి ఆ మిఠాయిల పేర్లు, గుర్తులు, తయారీ సూత్రాలు. భూమి, భవనాలు, యంత్రాలు పాత యాజమాన్యం దగ్గరే ఉండిపోయినాయి. యంత్రాన్ని వదలి పేరును కొన్నారంటే వారు వెల కట్టినది దేనికి? మన నాలుక మీద మిగిలిన గుర్తుకు. మనం అమాయకంగా రాసే జ్ఞాపకం మార్కెట్టులో సరుకైన విధం ఇది. "ఆ రోజులే వేరు" అనే వాక్యం ఇప్పుడు రచయితది మాత్రమే కాదు, ప్రకటనకర్తది కూడా.

బాచుపల్లి ఒకప్పటి పల్లె. 2016లో మండల కేంద్రమైంది. 2019లో నిజాంపేట నగరపాలక సంస్థలో చేరింది. మందుల కర్మాగారాలు, ఇంజనీరింగు కళాశాలలు, వాటి వెంట ఆకాశాన్నంటే నివాసభవనాలు వచ్చాయి. ఆ భవనాలు కట్టడానికి పాలమూరునుంచి, ఒడిశానుంచి, బీహారునుంచి వచ్చినవారి పిల్లలు రేకుల గుడిసెల్లో ఉంటున్నారు. పక్కనున్న కిరాణా కొట్టులో రూపాయి బిళ్ళ పెట్టి చాక్లెటు కొని, ముగ్గురు కలిసి పంచుకుంటారు. పై అంతస్తులో ఒకరు ఇదే దృశ్యాన్ని గతించిన స్వర్ణయుగంగా రాస్తుంటారు. 25 పైసలు, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ తరువాత చెల్లుబాటు కాకుండా పోయినాయి. కాని ఆ నాణేన్ని గుప్పిట్లో బిగించి పట్టుకునేలా చేసిన లేమి చెల్లుబాటవుతూనే ఉన్నది. ఒకరి గతం మరొకరి వర్తమానమైనప్పుడు, అది గతించిపోయిందని చెప్పడం అబద్ధమవుతుంది. ఈ ధోరణిలోని ప్రధాన దోషం ఇదే.

దీనికి భిన్నమైన మార్గం తెలుగులో లేకపోలేదు. నామిని "పచ్చనాకు సాక్షిగా", ఖదీర్‌బాబు "దర్గామిట్ట కతలు" బాల్యస్మృతులే. వాటిలో నవ్వు ఉన్నది, తిండి మీద ఆశ ఉన్నది. తల్లి రెక్కల కష్టమూ, ఇంటి ఇబ్బందీ ఆ నవ్వును విడిచిపోవు. అక్కడ వస్తువు తన సంబంధాలతో సహా వస్తుంది. అందుచేతనే అవి జాబితాలు కాలేదు, కథలైనాయి.

కనుక యువరచయితలు మిఠాయిని గురించి రాయవద్దని నేను అనడం లేదు. రాయండి. పాత ఇనుము, తల నుంచి రాలిన వెంట్రుకలు, కల్లంలో ఏరిన గింజలు ఇచ్చి తీపి కొనుక్కున్న బాల్యం మనది. ఆ గింజలు ఎవరి కల్లంలోవి, ఆ రోజు అమ్మకు దొరికిన కూలి ఎంత, బొంబాయి మిఠాయి కర్ర మోసినవాడు రాత్రి ఎక్కడ పడుకున్నాడు - ఇవి కూడా అడిగి తెలుసుకొని రాయండి. చెప్పగల తల్లులూ తాతలూ ఇంకా మన మధ్య ఉన్నారు. వారిని అడగడానికి ఎక్కువ వ్యవధి లేదు.