రోసమండు పాత్రపరిణామము: అద్భుతకథలో స్వభావవికాసమునకు తావు కలదా?

అద్భుతకథలలో పాత్రపోషణమునకు తావు లేదనుట విమర్శకులలో తఱచుగా వినవచ్చు మాట. మాయయే సర్వకార్యములను నిర్వహించునపుడు పాత్ర స్వభావము మాఱుటకు కారణమేమి? మాఱినను అది మంత్రఫలమే కాని మనోవికాసము కాదు గదా యని వారి యాక్షేపము. దీనిని పరీక్షించుటకు జార్జి మాక్‌డొనాల్డు (1824-1905) రచించిన 'ది వైజ్ ఉమన్' అను చిన్ననవల మిక్కిలి యనువైనది. ఇది 1875లో గ్రంథరూపమున వెలువడి, తరువాత 'ది లాస్ట్ ప్రిన్సెస్' అను పేరను గూడ ప్రచారమునకు వచ్చినది. గ్రంథకర్త స్కాట్లండు దేశీయుడు. కొంతకాలము క్రైస్తవ మతబోధకుడుగా నుండి పిదప రచనావృత్తి నవలంబించినవాడు.

మన యాలంకారికులు నాయకుని గుణములను ముందుగనే పరిగణించిరి. ధనంజయుడు దశరూపకమున వినయము, మాధుర్యము, త్యాగము మున్నగువానిని నేతకు విధించి, నాయికయు నట్టి గుణములు కలదియే యనెను. అచట గుణములు సిద్ధములు, సాధ్యములు కావు. మాక్‌డొనాల్డు నాయికకో ప్రారంభమున చెప్పదగిన గుణమొక్కటియు లేదు. రోసమండు కోరినదెల్ల క్షణములో కావలెను; దొరకిన మఱుక్షణమున నది రోత. ఆమె కోపమునకు రాజును రాణియు సయితము వెఱతురు. పాఠకునకు ఆమెపై జాలికంటె ముందు విసుగు కలుగును. రచయిత యీ విసుగును తగ్గింప యత్నింపకపోవుట గమనింపదగినది.

ఈ దోషమునకు మూలమెక్కడ? ఇదే రచయిత 1864లో ప్రకటించిన 'ది లైట్ ప్రిన్సెస్' కథలోని రాకుమారి పినతనముననే మేనత్త శాపముచే బరువును కోల్పోయి, దానితో గాంభీర్యమును గూడ కోల్పోవును. అచట దోషము బయటినుండి వచ్చినది. కనుక శాపవిమోచనముతో తొలగిపోవును. రోసమండునకు శాపము లేదు. ఆమె యొక గొప్పవ్యక్తి యని పుట్టినది మొదలు అందఱును ఆమెకు నేర్పిరి, ఆమె నమ్మినది. దోషము పెంపకమునుండి పుట్టి స్వభావమైనది. స్వభావమైనదానికి విమోచనమంత్రము లేదు. పదునొకండేండ్ల వ్యవధిలో రచయిత దృష్టి యెంత లోతునకు పోయినదో యీ భేదమే తెలుపును.

జ్ఞానవృద్ధ రాకుమారిని తన యంగవస్త్రములో చుట్టి యెత్తుకొనిపోయి, నిర్జనప్రదేశమందలి కుటీరమున నుంచును. ఇల్లు తుడువవలెను, తన పని తాను చేసికొనవలెను. మొదట మొండితనము, పిదప ఆకలి, పిదప పని. సామాన్యరచయిత యిచట కథ ముగించును. మాక్‌డొనాల్డు ఇచటనే సూక్ష్మమైన విషయ మొకటి చూపినాడు. పని చేసినంతనే రోసమండు తాను మంచిదాన ననుకొని గర్వించినది. చేయవలసినదానిని చేయుట ఘనకార్య మనుకొన్నది. అనగా పాత దోషమే, నేను గొప్పదాన నను భావమే, క్రొత్త వేషము వేసికొన్నది. చెడునుండి మంచికి పోవు త్రోవలో మంచితనమే యడ్డుగ నిలుచుట యను నీ యంశము నవలకు ఆయువుపట్టు.

తరువాత ఆమె గొఱ్ఱెలకాపరి యింట చేరును. అచట ప్రిన్స్ అను కుక్క ఆమెకు బుద్ధి గఱపును. రాకుమారికి 'రాకుమారుడు' గురువగుట రచయిత చమత్కారము. చివరకు తానై వృద్ధ యొద్దకు తిరిగివచ్చి, మూడు పరీక్షలకు లోనగును. మొదటి రెంటను ఆమె యోడును. మూడవదానియందు మాత్రమే కోపమును తానే యణచుకొనును.

ఇక ఆక్షేపమునకు సమాధానము. ఈ పరిణామము మాయాఫలమే యైనచో మొదటి పరీక్షయే చాలును. రెండు పరాజయములకు అవసరము లేదు. వృద్ధ యొక్క మాయ సన్నివేశములను కల్పించును గాని సంకల్పమును కల్పింపదు. దీనికి బలమైన నిదర్శనము గొఱ్ఱెలకాపరి కూతురు ఆగ్నెస్. ఆమెయు రోసమండుతోడనే పుట్టినది, తల్లిదండ్రుల పొగడ్తలచే చెడినది. ఆమెనును వృద్ధ కొనిపోయి శూన్యగోళములో బంధింపగా, తన యహంకారమే బాలికారూపమున ప్రక్కన కూర్చుండుట చూచి యామె రోయును. ఐనను ఆ రోత నిలువదు. బయటపడినంతనే పాత ఆగ్నెసే. మాయ యొకటే, ఫలము వేఱు. కావున ఫలమునకు కారణము మాయ కాదు, గ్రహించు మనస్సు. నవల రెండు కథలుగ నడచుట కేవలము వైచిత్ర్యము కొఱకు గాక, ఈ తర్కము కొఱకే యని నా యభిప్రాయము.

మాక్‌డొనాల్డును గురుతుల్యునిగ భావించిన సి. ఎస్. లూయిస్, 1954 నాటి 'ది హార్స్ అండ్ హిజ్ బాయ్' నవలలో అరావిస్ అను ప్రభుకుమార్తెను ఇట్లే దర్పముతో ప్రవేశపెట్టెను. ఆమె మత్తుమందిచ్చి పారిపోగా దాసి కొరడాదెబ్బలు తినును. తరువాత సింహము గోళ్ళతో నన్ని గాయములే యామె వీపున పడును. అరావిస్ పరుల బాధను శరీరమున నెఱుగును. రోసమండు తన్ను దాను మనస్సున నెఱుగును. మొదటిది క్షణికమైన మెఱుపు, రెండవది దీర్ఘసాధన.

నవల నిర్దోషము కాదు. రచయిత కథను నిలిపి తఱచు నీతి చెప్పును. మూడవ పరీక్షలో వర్ణన మనోవ్యాపారమును కొంత కప్పివేసినది. ఆగ్నెస్ పై నాతడు చూపిన కాఠిన్యమును చర్చనీయమే. ఐనను ముగింపు వీనిని మఱపించును. తిరిగివచ్చిన రోసమండును కన్నవారే గుర్తింపలేకపోవుదురు. వారు పెంచిన బిడ్డ యిపుడు లేదు గదా! ఇటుపై వారిని వృద్ధ యొద్దకు నడిపింపవలసిన భారము కూతురిదే. జన్మచే రాకుమారి యైనది తన్ను దాను పాలించుకొనుటచే రాకుమారి యైనది. కథ ముగిసినదని రచయిత యనడు. స్వభావసాధనకు ముగింపు లేదని యెఱిగినవాడు అట్లనజాలడు.