యానాదులను గూర్చిన వ్రాతలు – భాషాధ్యాపకుని కర్తవ్యము

నెల్లూరు తీరమున తరతరములుగ నివసించుచున్న యానాదులను గూర్చిన వ్రాతలను మనము సాధారణముగా మానవశాస్త్రమునకు విడిచిపెట్టుచున్నాము. ఇది యుక్తము కాదని మా అభిప్రాయము. ఒక జాతిని గూర్చిన దురభిప్రాయము ముందుగా మాటలలో నిలుచును. పిమ్మట చట్టములలోనికిని, పాఠములలోనికిని ప్రాకును. కావున దానిని గుర్తించుట నేర్పవలసినవాడు భాషాధ్యాపకుడే.

మొదట పేర్లను పరిశీలింతము. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథమున యానాదులలో మంచి, అడవి, చల్ల, కప్పల మున్నగు విభాగములు చెప్పబడినవి. మంచి యానాదులకే రెడ్డి యానాదులనియు పేరు. వీరు రెడ్ల యిండ్ల పనులకు కుదిరినవారు. చల్ల యానాదులనగా ఎంగిలి తినువారని వ్యాఖ్యానము. కప్పల యానాదుల పేరు వారి ఆహారమును బట్టి వచ్చినది. ఈ విభజనమునకు కొలబద్ద యేది? గృహస్థుని వాకిటికి ఎవరెంత దగ్గఱ, ఎవరెంత దూరమనునదే. ‘మంచి’ యను విశేషణము గుణమును గాక ఉపయోగమును చెప్పుచున్నది. ఒక వర్గమును ‘మంచి’ యనినపుడు తక్కిన వర్గములను గూర్చి చెప్పకయే ఒక తీర్పు చెప్పినట్లయినది.

ఇక జాతినామము. ‘యానాది’ శబ్దమును ‘అనాది’తో ముడిపెట్టు వ్యుత్పత్తి ప్రసిద్ధము. ఆద్యకారము ‘యా’ అగుటకు హేతువు చూపనిదే దీనిని లోకవ్యుత్పత్తిగనే గ్రహింపవలెను. ఇది మన్ననగా తోచును; కాని ఆది లేనివారికి చరిత్రయు లేదను భావమిందు దాగియున్నది. వాస్తవమునకు వీరి చరిత్రకు తేదీలు కలవు. 1835లో ప్రభుత్వము శ్రీహరికోటను స్వాధీనపఱచుకొన్నప్పుడు వీరు ఆ దీవిలో నుండిరి. 1971లో అచ్చట రాకెట్టు ప్రయోగకేంద్రము పని ప్రారంభించెను. ఈ రెండు సంవత్సరముల నడుమ వారి అడవి, వారి జీవిక ఎట్లు మాఱినవో అడుగని వ్యాసము వారిని ‘ప్రకృతి బిడ్డలు’ అని ఎంత పొగడినను అసంపూర్ణమే.

నింద యొక్క మార్గము వేఱు. 1871లో పుట్టి, 1911లో విస్తృతమైన నేరస్థ జాతుల చట్టము యానాదులలో కొందఱిపైనను ప్రయోగింపబడినది. జన్మచేతనే మనుష్యుడు దొంగయగునను సిద్ధాంతము దీనికి మూలము. అదే కాలమున పంటచేలకు కావలివారుగా నియమింపబడినవారును యానాదులే. నమ్మి పొలమప్పగించిన సంఘమే దొంగయని ముద్రవేసినది. ఈ రెండు విషయములను ప్రక్కప్రక్కన నుంచి చూపినచో విద్యార్థి ఉపన్యాసమక్కఱ లేకయే విషయమును గ్రహింపగలడు. ఆ చట్టము 1952లో రద్దయినది. దాని పదజాలము మాత్రము సంభాషణలనుండి పూర్తిగా తొలగలేదు.

యానాదుల సేవకు జీవితమంకితము చేసిన వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో వారిని గూర్చి ఆంగ్లమున ఒక గ్రంథమును వెలువరించిరి. పరిశీలకుని స్థానమున పక్షవాదిని నిలిపిన ఆ కృషి గౌరవార్హము. అయినను యానాదుల పక్షమున పలుకుట వేఱు, యానాదియే పలుకుట వేఱు. ఈ భేదమును పరిశోధకుడు విస్మరింపరాదు.

సంగము మండలమునకు చెందిన మల్లి మస్తాన్ బాబు ఈ జాతివాడు. ఖరగ్‌పూరు, కలకత్తాలలో ఉన్నతవిద్య నభ్యసించి, 2006లో 172 దినములలో ఏడు ఖండముల అత్యున్నత శిఖరముల నధిరోహించెను. 2015లో ఆండీస్ పర్వతములలో మరణించెను. ‘యానాదియయ్యును ఇంతటివాడయ్యెను’ అని పాఠము చెప్పువారు కలరు. ఆ ‘అయ్యును’ అనుటలోనే పాత ముద్ర దాగియున్నది. ఆ యొక్క ప్రత్యయమును వ్యాకరణముగా వివరించినను విద్యార్థికి గొప్ప పాఠమగును.

తరగతికి మేము సూచించు అభ్యాసము సులభమైనది. ఇట్టి గ్రంథమునుండి ఒక పేరా తీసికొని, జాతినామమును తొలగించి, అచ్చట విద్యార్థి తన కులము పేరు వ్రాసి చదువవలెను. ఏ వాక్యము నోట పలుకుటకు జంకు కలుగునో దానిక్రింద గీత గీయవలెను. పిమ్మట ఆ వాక్యమెవరిది, ఎవరికొఱకు వ్రాయబడినది, దానికి ప్రమాణమేమి అని విచారింపవలెను. ఈ అభ్యాసమును ఇంటివద్ద చేయించి, తరగతిలో ఎవరి కులమును ప్రకటింపకుండ చర్చించుట మేలు. యానాది బిడ్డలు నేడు మన యెదుట బల్లలపై కూర్చుండియున్నారు. వారి పూర్వుల పేర్లను వివరించునపుడు వారు తల వంచుకొనవలసిన అవసరము లేకుండ పాఠము చెప్పుట మన బాధ్యత.