నోరులేని రోగి నేర్పిన రాత

జేమ్స్ హెరియట్ పేరుతో రాసిన ఆల్ఫ్ వైట్ 1939లో గ్లాస్గోలో పశువైద్యం చదువు ముగించి, మరుసటి ఏడే ఇంగ్లండులోని యార్క్‌షైర్‌కు వెళ్ళి, థర్స్క్ అనే చిన్న ఊళ్ళో స్థిరపడ్డాడు. తొలి పుస్తకం 1970లో వచ్చేనాటికి ఆయనకు యాభై దాటాయి. అన్నేళ్ళ గొడ్ల వైద్యమే ఆయన్ని రచయితను చేసిందనిపిస్తుంది. ఆవు తన నొప్పి చెప్పుకోలేదు. రైతు చెప్పేది సగం ఊహ. డాక్టరు కన్నూ చెయ్యీ నమ్ముకోవాలి. చలిరాత్రి చొక్కా విప్పి, భుజం దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అడ్డం తిరిగిన దూడ కాలు ఏదో, తల ఏదో తడిమి తెలుసుకోవాలి. పాలజ్వరంతో కూలబడ్డ ఆవు కాల్షియం ఎక్కించగానే లేచి నిలబడితే మెప్పు దక్కుతుంది. లేవకపోతే ఊరంతా నవ్వుతుంది. ఆ నవ్వును కూడా ఆయన దాచలేదు.

ఆయన రాసిన కథలు అచ్చంగా జరిగినవి కావు, పల్లెను తీపిగా చూపాడు అంటారు. పేర్లు మార్చాడు, సంఘటనలు కలిపాడు, నిజమే. వైద్యులు ప్రచారం చేసుకోరాదన్న నియమం వల్ల ఒక ఫుట్‌బాల్ గోల్‌కీపర్ పేరు అరువు తెచ్చుకున్నాడు కూడా! కానీ పేడ, చలి, చచ్చిన పశువు, రాని ఫీజు ఆ పుస్తకాల్లో ఉన్నాయి. తీపి ఒక్కటే అయితే అవి ఉండవు. పుస్తకాలు లక్షల్లో అమ్ముడుపోయాక కూడా ఆయన ప్రాక్టీసు మానలేదు.