ఎత్తు వెతుక్కునే పని

గుంటూరు నుంచి నరసరావుపేట మీదుగా వినుకొండ వైపు వెళ్ళినా, చిలకలూరిపేట దాటి అద్దంకి, దర్శి దారి పట్టినా, కొండ కనపడేది ఎక్కడో ఒకటి. మిగతాదంతా నల్లరేగడి. పత్తి, మిరప, మధ్యమధ్యలో కంది, శనగ. వైర్‌లెస్ పనికి ఇంతకన్నా మంచి నేల ఏముంటుందని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకుంటారు. మిరప మొక్క నడుము దాటదు, పత్తి బాగా ఎదిగితే భుజం దాకా వస్తుంది, ఇక సిగ్నల్‌కి అడ్డమేముంది అంటారు. అడ్డం లేనిమాట నిజమే. ఎక్కడానికి కూడా ఏమీ లేదు. ఊళ్ళల్లో ఆరుబయట వైఫై యాక్సెస్ పాయింట్లు బిగించే మా పనిలో సగం పొద్దు ఎత్తు వెతుక్కోవడంలోనే పోతుంది.

రెండు యాంటెన్నాలు ఒకదానికొకటి కనపడితే సరిపోతుందనుకుంటే పొరపాటు. వాటి మధ్య తరంగం నడిచే దారి నూలు చుట్టిన కదురులా నడుమ ఉబ్బి ఉంటుంది. దాన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. 5.8 గిగాహెర్ట్జ్ మీద 5 కిలోమీటర్ల లింకు వేస్తే నడిమధ్యన ఆ ఉబ్బు వ్యాసార్థం 8 మీటర్లు. అందులో అరవై శాతమైనా, అంటే దాదాపు 5 మీటర్లు, చూపుగీత చుట్టూ ఖాళీగా ఉండాలి. కొమ్మలు అందులోకి చొచ్చుకొస్తే లింకు వెంటనే తెగదు, సతాయిస్తుంది. పొద్దున బాగుంటుంది, వాన పడి ఆకులు తడిసిన సాయంత్రం పడిపోతుంది. తెగిన లింకు గురించి ఎవరో ఒకరు ఫోన్ చేసి చెబుతారు. సతాయించే లింకు గురించి ఎవరూ చెప్పరు. మెల్లగా వాడటం మానేస్తారు.

అందుకే సర్వేకి వెళ్ళినప్పుడు మీటరు చూడటం కంటే ముందు చేను ఎవరిదో, వచ్చే ఏడు అందులో ఏం వేస్తారో అడగాలి. ప్రకాశం వైపు ఇది మరీ ముఖ్యం. కాగితం మిల్లుల కోసం అక్కడ సుబాబుల్, జామాయిల్ వేస్తారు. ఇవాళ మిరప ఉన్న చేలో మూడేళ్ళకు చెట్లు నిలబడతాయి.

"బాబాయ్, ఆ నాలుగెకరాల్లో మళ్ళీ మిరపేనా?"

"ఏం మిరపలే అబ్బాయ్. తామర పురుగొచ్చిన కాడ్నించి పెట్టుబడి కూడా రాట్లా. కర్ర వేద్దామనుకుంటున్నా."

ఆ ఒక్క మాటతో పోల్ ఎత్తు మారిపోతుంది, లేదా లింకు వేరే దిక్కుకు తిరుగుతుంది. ఈ మాట చెప్పే మ్యాపు ఎక్కడా దొరకదు. మేం నిలబడి చూసే రోజు కాకుండా ఆ నేల మీద వచ్చే అన్ని కార్తెలకూ సరిపోయేట్టు కట్టాలి. ఈ పనిలో నాకు తెలిసిన అసలు విద్య ఇదే. మిగతాది సామాను పెట్టె మీద రాసే ఉంటుంది.

ఎత్తు అంటే ఊళ్ళో మాకు కనపడేవి కొన్నే. పంచాయతీ ఓవర్‌హెడ్ ట్యాంకు, కోల్డ్ స్టోరేజీ కప్పు, జిన్నింగ్ మిల్లు, హైస్కూలు మేడ, మూడంతస్తుల ఇల్లు ఒకటి రెండు. ట్యాంకు మొదట కంటికి ఆనుతుంది కానీ, దాని నడుముకి యాంటెన్నా కడితే వెనకున్న కాంక్రీటు, నీళ్ళు సగం ఊరిని మింగేస్తాయి. చుట్టూ కొట్టే ఓమ్నీ యాంటెన్నా అక్కడ దండగ. ఒక వైపే కొట్టే సెక్టార్ యాంటెన్నాలు రెండు, ఇటొకటి అటొకటి పెట్టి, కొద్దిగా కిందికి వంచాలి. వంచకపోతే సిగ్నల్ ట్యాంకు కింద ఉన్న వీధిని వదిలేసి పక్క ఊరి చెరువు మీద పడుతుంది. మిల్లు దగ్గర ఇంకో సంగతి ఉంది. గాల్లో తేలే దూది నుసి ఫ్యాన్ ఉన్న ఏ పెట్టెనైనా ఒక్క సీజన్‌లో ఊపిరాడకుండా చేస్తుంది. ఫ్యాన్ లేని స్విచ్ పెట్టాలి.

ఇల్లుగలవాళ్ళు ఒప్పుకోవడం వేరే కథ. "ఈ డబ్బా పెడితే పిచ్చుకలు చస్తయ్యంట గదా" అని అవ్వలు అడుగుతారు. నవ్వి ఊరుకోకూడదు, ఇంటిమీద పెట్టేది వాళ్ళకు తెలియాలి. లైసెన్సు అక్కర్లేని ఈ బ్యాండ్లలో యాంటెన్నా బలం కలుపుకొని కూడా 4 వాట్లు దాటకూడదని నిబంధన. లోపలి రేడియో ఇచ్చేది సాధారణంగా ఒక వాటు లోపే. ఆ మాట చెప్పి, డబ్బా చేతికిచ్చి చూపిస్తే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ళ ఇంటి జోలికి పోము.

నల్లరేగడిలో పోల్ పాతడం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. వానకు ఈ నేల ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. మూడడుగుల గొయ్యిలో అదే మట్టి వేసి పోల్ పాతితే తొలకరికి ఒక పక్కకు, వైశాఖానికి ఇంకో పక్కకు ఒరుగుతుంది. దూరపు లింకుకు వాడే డిష్ సిగ్నల్ పరుచుకునే కోణం చాలా చిన్నది, పెద్ద డిష్ అయితే ఏడెనిమిది డిగ్రీలు కూడా ఉండదు. పోల్ రెండు మూడు డిగ్రీలు ఒరిగిందంటే అవతలి ఊరికి సగం సిగ్నలే చేరుతుంది. కదిలే మట్టి పొర దాటి గట్టి పొర తగిలేదాకా తవ్వాలి. తవ్విన మట్టి వెనక్కి వెయ్యకుండా కంకర, సిమెంటు నింపాలి. ఈ నేల మీద ఇల్లు కట్టే తాపీమేస్త్రీలకు ఇది ఎప్పటినుంచో తెలుసు. పోల్ కాంట్రాక్టు పట్టణం నుంచి వచ్చినప్పుడే ఈ జ్ఞానం దారిలో జారిపోతుంటుంది.

ఎత్తైనదాన్ని నిలబెట్టడంలో ఈ ప్రాంతానికి ఇంకో గొప్ప బడి ఉంది. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ తిరునాళ్ళకు శివరాత్రినాడు ఊళ్ళవాళ్ళు తెచ్చే ప్రభలు. అంత ఎత్తు కట్టుబడిని చేల మధ్య రోడ్డు మీద నడిపిస్తూ, నాలుగు వైపులా మోకులు పట్టి ఎటు ఒరిగితే అటు బిగువు మార్చేవాళ్ళను చూస్తే, పోల్‌ని పట్టి ఉంచే గై వైరు ఏ కోణంలో లాగాలో పుస్తకం అవసరం లేకుండా తెలుస్తుంది. ప్రభలు వెళ్ళే దారిలో కరెంటు తీగలు కూడా దింపేస్తారు. రోడ్డుకి అడ్డంగా వేలాడే కేబుల్ వేసినవాళ్ళకు ఆ వారం నిద్ర ఉండదు. అలాంటి చోట రోడ్డు దాటించడానికి చిన్న వైర్‌లెస్ లింకే మేలు.

రాష్ట్రంలో ఫైబర్ కేబుల్ కూడా ఎక్కువ భాగం గాల్లోనే, కరెంటు స్తంభాల మీదుగానే వెళ్ళింది. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటికి కనెక్షన్ అన్నారు. అదే నెలలో గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్‌తో 2,000 కాంతి లింకులకు ఒప్పందం కుదిరింది. తీగ లేకుండా, రేడియో కూడా లేకుండా, సన్నని కాంతి పుంజంతో 20 కిలోమీటర్ల దాకా డేటా పంపడం దాని ఉద్దేశం. ఆ సాంకేతికతే తర్వాత తారా అనే పేరుతో కాంగో నదికి ఈ ఒడ్డున ఉన్న బ్రజవిల్‌ను ఆ ఒడ్డున ఉన్న కిన్షాసాతో కలిపింది. కాంతికైనా రేడియోకైనా కావలసింది ఒకటే, అడ్డం లేని చూపు, కదలని పోల్.

ఫైబర్ ఊరికి వచ్చినా కల్లానికి రాదు. ఈ పనిమీద నాకు మమకారం కలిగించింది కల్లాలే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రైతు సంసారం మొత్తం అక్కడే ఉంటుంది. కోసిన మిరపకాయ ఎర్రగా పరిచి ఆరబోస్తారు, తాలు కాయ ఏరతారు, రాత్రి పట్టా కప్పి పక్కనే మంచం వేసుకుని కాపలా పడుకుంటారు. ఊరికి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరం. అక్కడ ఫోన్ సిగ్నల్ ఒక గీత ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఆ మనిషికి ఇవాళ గుంటూరు మిర్చి యార్డులో తేజ రకం ఎంత పలికిందో, 334 రకం ఎంతకు పోయిందో తెలియాలి. సాయంత్రం పిడుగుల హెచ్చరిక అందాలి, వాన వస్తుందంటే పట్టా కప్పడానికి అరగంట ముందు తెలియాలి. పత్తి అమ్మేవాళ్ళు ఇప్పుడు భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలుకు కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు తీసుకోవాలి. పంట నమోదు చేసే ఈ-క్రాప్‌కు, ఈకేవైసీకి నెట్టు కావాలి. ఊరి చివరి మేడ మీద ఒక సెక్టార్, కల్లాల మధ్య జీఐ పైపు మీద ఒక యాక్సెస్ పాయింటు, చిన్న సోలార్ పలక, బ్యాటరీ. ఇంతే సామాను. దాంతో ఇరవై ముప్పై కుటుంబాలకు నాలుగు నెలలు నెట్టు అందుతుంది. ఏడాది పొడుగునా ఉండక్కర్లేదు, కోతలు అయ్యాక విప్పి భద్రంగా దాచుకోవచ్చు. ఈ చిన్న ఏర్పాటుకు సొసైటీలు ఎందుకు ముందుకు రావో నాకు అర్థం కాదు, బాధేస్తుంది.

చట్టం ఇప్పుడు అడ్డం రాదు. 2018 అక్టోబరులో కేంద్రం 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు లేకుండా ఆరుబయట కూడా వాడుకోనిచ్చింది. 2020 డిసెంబర్ 9న కేంద్ర మంత్రివర్గం పబ్లిక్ వైఫై పథకం పీఎం వాణికి ఆమోదం ఇచ్చాక టీకొట్టు నడిపే మనిషి కూడా లైసెన్సు లేకుండా వైఫై అమ్ముకోవచ్చు.

అడ్డం వచ్చేది కరెంటు. ఇది మన దగ్గరే కాదు. తమిళనాడు తేనిలో అరవింద్ కంటి ఆసుపత్రికి దూరపు వైఫై లింకులు వేసిన బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ళు 2008లో రాసిన పరిశోధనా పత్రంలో, పరికరాలు చచ్చిపోవడానికి రేడియో కంటే కరెంటు నాణ్యతే పెద్ద కారణమని తేల్చారు. మన పశ్చిమగోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ అశ్విని పేరుతో పల్లెలకు వైఫై లింకుల మీద వైద్యం, చదువు అందించింది. దాని అనుభవాన్ని భాస్కరన్ రామన్, చేబ్రోలు కామేశ్వరి 2007లో రాశారు. ఆ రోజుల్లోనే రేడియోల ధర పడిపోయింది, టవర్ల ఖర్చు మాత్రం తగ్గలేదు. ఇరవై ఏళ్ళు కావస్తున్నా కరెంటు గురించి, టవర్ల గురించి చెప్పిన ఈ రెండు మాటలూ మారలేదు. మోటార్లకు త్రీ ఫేజ్ ఇచ్చే వేళ లో వోల్టేజీ, అన్నీ ఒక్కసారి ఆగగానే వోల్టేజీ ఎగదన్నుతుంది. యాక్సెస్ పాయింటుకు కరెంటిచ్చే పీఓఈ అడాప్టర్ ముందుగా కాలేది అప్పుడే. స్టెబిలైజరు, చిన్న బ్యాటరీ లేకుండా నేను పని ఒప్పుకోను. ధర పెరుగుతుందని బేరం పోయినా సరే.

పిడుగు నేరుగా పడితే ఏదీ నిలవదు. పక్క చేలో పడ్డ పిడుగు నుంచి మాత్రం కాపాడుకోవచ్చు. షీల్డు ఉన్న కేబుల్, రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్, రెండింటికీ మంచి ఎర్తింగ్. తడిసిన నల్లరేగడి మంచి ఎర్త్ ఇస్తుంది కానీ, మే నెలలో మట్టి కడ్డీ నుంచి విడిపోయి సందు వదిలేస్తుంది. అకాల వానలు, పిడుగులు పడేదీ ఆ నెలల్లోనే. ఉగాది నుంచి ఎర్త్ గొయ్యికి వారానికోసారి రెండు బిందెలు నీళ్ళు పోయమని ఇంటివాళ్ళకు చెప్పి మరీ వస్తాం.

ఎండ సంగతి రెంటచింతల పేరు చెబితే చాలు, రాష్ట్రమంతా వేడికి కొలమానంగా ఆ ఊరినే చెప్పుకుంటుంది. దొంగల భయంతో కొందరు రేడియోని ఇనప పెట్టెలో పెట్టి తాళం వేయమంటారు. ఇనప పెట్టె లోపల మధ్యాహ్నం ఏ సామానూ బతకదు, పైగా ఇనుము సిగ్నల్‌ని ఆపేస్తుంది. కేబుల్ కట్టడానికి బజార్లో దొరికే తెల్ల ప్లాస్టిక్ టైలు ఒక్క వేసవికి పెళుసెక్కి విరుగుతాయి. నల్లవి, ఎండకు తట్టుకునేవి వాడాలి, లేదా స్టీలువి. కేబుల్ డబ్బాలోకి వెళ్ళేచోట కింది నుంచే వెళ్ళాలి, దానికి ముందు ఒక వంపు వదలాలి, వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, గాలి వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. గాలిని అడ్డుకునే నిండు డిష్ కంటే జాలీ డిష్ ఎందుకు మేలో తీరం వైపు పనిచేసేవాళ్ళకు ఆ రోజు తర్వాత వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇక మిగిలింది మనుషుల సంగతి. బిగించి వచ్చేసిన రోజు నుంచి ఆ పోల్ ఎవరిది? ప్రాజెక్టు కాగితాల్లో సామాను ఖర్చుంటుంది, బిగింపు ఖర్చుంటుంది. ఆర్నెల్ల తర్వాత ఎక్కి చూసేవాడి కూలి ఉండదు. ఇది పెద్ద అన్యాయం అని నా అభిప్రాయం. ప్రతి ఊళ్ళో వైరింగ్ తెలిసిన కుర్రాడు ఒకడుంటాడు, మోటార్లు విప్పి చుట్టేవాడో, కేబుల్ టీవీ పని చేసినవాడో. అతనికి క్రింపింగ్ నేర్పాలి, అలైన్‌మెంట్ చూడటం నేర్పాలి, నడుముకి సేఫ్టీ బెల్టు లేకుండా ట్యాంకు ఎక్కవద్దని గట్టిగా చెప్పి బెల్టు కొనిచ్చి రావాలి. ఏడాదికి రెండుసార్లు, తొలకరికి ముందొకసారి, కోతలకు ముందొకసారి, ఎక్కి బోల్టులు బిగించి రావడానికి అతనికి డబ్బు ముందే కట్టి పెట్టాలి. మేం వదిలి వచ్చే పెట్టె లోపలి మూతకి ఒక కాగితం లామినేషన్ చేసి అంటిస్తున్నాం. ఛానెల్ ఏది, డిష్ ఏ ఊరి ట్యాంకు వైపు చూస్తోంది, సిగ్నల్ అంకె ఎంత ఉండాలి, ఏ చేలో కర్ర వేస్తే ఆలోచించాలి అన్నీ అందులో తెలుగులో ఉంటాయి. కింద ఆ కుర్రాడి పేరు, ఫోన్ నంబరు. కంపెనీ నంబరు దాని తర్వాతే.